అయిదో వాల్వు

పొద్దున లేవగానే బోన్‌చోల్ చేసిన మొదటి పని, మేజోళ్ళు విప్పి మూలకి విసిరెయ్యడం. అతనిది అరికాళ్ళతో ఇల్లు చూసే అలవాటు. నలభై ఏళ్ళపాటు చున్‌చన్ ఊళ్ళో వేడి పైపుల మేస్త్రిగా పరాయివాళ్ళ ఇళ్ళల్లో అలాగే తిరిగాడు. చలికాలం ఇల్లు వెచ్చగా ఉండడానికి నేల కింద వేసిన పైపుల్లో వేన్నీళ్ళు ఎక్కడ హుషారుగా పారుతున్నాయో, ఎక్కడ నీరసించాయో, ఎక్కడ గాలి అడ్డంపడి నిలిచిపోయాయో థర్మోమీటరు కంటే ముందు అతని పాదాలే చెప్పేవి. రెండేళ్ళ కిందట నడుము మొరాయించి పని మానేశాడు గానీ, ఇప్పటికీ ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్తే ముందు నేల సంగతి చూసి, ఆ తర్వాతే మనుషుల క్షేమం అడుగుతాడు.

అలాంటి మనిషికి పదకొండు రోజులుగా సొంత ఇల్లే కొరుకుడు పడడం లేదు. హాలు పేరుకి గోరువెచ్చన. వంటిల్లు ఫరవాలేదు. పెద్దగది గుమ్మం దాటి కాలు పెడితే మాత్రం పెనం మీద పెట్టినట్టే ఉంది. ఆ గదిలోనే అతని కూతురు నారే, పదకొండు రోజుల మనవడూ పడుకుంటున్నారు.

పడుకుంటున్నారనడం మాటవరసకే. ఆ పొద్దున అతను తలుపు తోసేసరికి నారే పిల్లాణ్ణి భుజాన వేసుకుని గదంతా పచార్లు చేస్తోంది. ఒంటిమీద పొడుగు చేతుల చొక్కా, దానిమీద స్వెట్టరు, కాళ్ళకి మందపాటి మేజోళ్ళు. అన్నీ వాళ్ళమ్మ తొడిగినవే. నుదుటి మీది జుట్టు చెమటకి అతుక్కుపోయింది.

"నాన్నా, తలుపెయ్యి. అమ్మ వంటింట్లో ఉందా?"

"చారు కాస్తోంది. నీకే."

"మళ్ళీ నాచు చారేనా! సరే, ఆ ఏడుపు తర్వాత ఏడుస్తా. ముందు ఇది చూడు." పిల్లాడి మెడ కింది గుడ్డ తొలగించింది. మడతల్లో ఎర్రగా పేలిపోయి ఉంది. నిన్న మెడకే ఉన్నది ఇవాళ చెవుల వెనక్కి పాకింది. "తోరిగాడు కునుకు తీస్తే ఒట్టు. డాక్టరమ్మ గది వేడి ఇరవై మూడు డిగ్రీలు దాటకూడదంది. ఇక్కడెంతుందో చూశావా? ఇరవై తొమ్మిది!"

తోరి అన్నది వాడు కడుపులో ఉండగా పెట్టుకున్న ముద్దుపేరు. అసలు పేరు మీద రెండు కుటుంబాల మధ్య ఇంకా తగువు నడుస్తోంది.

"సాయంత్రానికి దారిలో పెడతానమ్మా."

"నాలుగు రోజులుగా అదే మాట. నేను బాలింతల కేంద్రానికి ఫోన్ చేశాను నాన్నా. రేపటినించి ఒక గది ఖాళీ అవుతుందట. సాయంత్రం ఆరింటికి వాళ్ళే చేస్తారు, వస్తానో రానో తేల్చి చెప్పాలి. అప్పటికి ఈ గది మనుషులుండేలా అయితే ఉంటా. లేదంటే రేప్పొద్దున్నే వీణ్ణి తీసుకుని వెళ్ళిపోతా. అమ్మకి నువ్వే చెప్పు."

"నేనా?"

"మరెవరు? ఊరందరి నేలలూ బాగుచేసిన మేస్త్రివి నువ్వే కదా."

ఆ మాట చెప్పడమే అతనికి గండం. కాన్పవగానే ఆస్పత్రి నించి తిన్నగా కేంద్రానికి పోయి రెండు వారాలు ఉండడం ఇప్పటి అమ్మాయిల పద్ధతి. నారే కూడా అక్కడే గది మాట్లాడుకుంది. అతని భార్య మల్సున్ మూడు నెలలు వెంటపడి, అలిగి, ఒకరోజు అన్నం కూడా మానేసి దాన్ని రద్దు చేయించింది. పచ్చళ్ళూ కూరలూ అమ్మే కొట్లో తన పనికి నెల రోజులు సెలవు పెట్టింది. బాలింతకి చారు కాయడానికి ఎండబెట్టిన సముద్రపు నాచు మూటలు మూటలుగా తెచ్చి అటక మీద పెట్టింది. "మూడు వారాలు, ఇరవై ఒక్క రోజులు. ఈ ఇరవై ఒక్క రోజులూ బయటి మనిషి గడప తొక్కకూడదు, చన్నీళ్ళు ముట్టకూడదు, నేల కాలుతుండాలి. నా కూతురి ఎముకల్లోకి చలి దిగనివ్వను" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. అలాంటిదానికి నీ కూతురు సగంలోనే వెళ్ళిపోతోందని చెబితే ఆవిడ ఏడవదు, అరవదు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ దించి తోముతుంది. ఎండాకాలం వచ్చేదాకా తోముతూనే ఉంటుంది. ఆ తోముడు బోన్‌చోల్ ఎరుగును. అంతకంటే ఏడుపే నయం.

అతను వంటింట్లోకి వెళ్ళి, సింకు కింది అర తలుపు తెరిచి, నడుము పట్టుకుని చతికిలబడ్డాడు.

"మొదలెట్టావా నారే నాన్నా," అంది మల్సున్ కత్తి ఆపకుండా. "ముల్లంగి కోసుకుంటున్నా. కాళ్ళ దగ్గర కూచోకు, తొక్కుతా."

"తొక్కు. పెద్దగది మాడిపోతోందే."

"బాలింత గది మాడక ఇంకెవరి గది మాడాలి, నీదా?"

"పిల్లాడికి ఒళ్ళు పేలింది."

"పేలితే పోతుంది. ఎముకల్లోకి దిగిన చలి పోతుందేమో అడుగు ఎవర్నైనా." అంటూనే ఎడం మణికట్టు ఒకసారి నులుముకుంది. అలా నులుముకోవడం ఆవిడకి తెలియకుండానే జరుగుతుంది.

అర లోపల ఒక లావుపాటి ఇత్తడి గొట్టం, దానికి వరసగా అయిదు వాల్వులు. బాయిలర్ నించి వచ్చే వేన్నీళ్ళు ఇక్కడే గదులకి పంపకమవుతాయి. మొదటిది పెద్దగదికి, రెండోది హాలుకి, మూడోది వంటింటికి, నాలుగోది గుడ్డలు ఆరేసుకునే మధ్యగదికి. అయిదోది వీధి గుమ్మం పక్కనున్న చిన్నగదికి. హాల్లో సోఫా మీద పడుకునే బోన్‌చోల్ గురక భరించలేక మల్సున్ ఆ చిన్నగదికి మకాం మార్చి రెండేళ్ళయింది.

మొదటి వాల్వు బార్లా తెరిచి ఉంది. రెండోది, హాలుది, ఒక దారం సందు వదిలి మొత్తం మూసేసి ఉంది. అతనికి తిక్కరేగింది. ఎందుకంటే, ఇల్లు ఎంత వేడిగా ఉందో కొలిచి బాయిలర్‌కి చెప్పే డబ్బా హాలు గోడకే ఉంది. హాలుకి నీళ్ళు పోవు, హాలు వేడెక్కదు, డబ్బా చాలు అనదు. బాయిలర్ ఆగకుండా మండుతుంది. ఆ మండిందంతా పెద్దగదిలోకి పోయి అక్కడ పసివాడి ఒళ్ళు పేలేలా చేస్తుంది. పైగా హాలు చల్లగా ఉందని నాలుగు రోజుల కిందట ఆ డబ్బాని ఇరవై మూడు నించి ఇరవై ఆరుకి పెంచిందెవరు? సోఫాలో ముడుచుకుని పడుకున్న తనే. ఆ సంగతి ఎవరికీ చెప్పదలుచుకోలేదు.

ఇలా కట్టేసినవాళ్ళని నలభై ఏళ్ళుగా తిట్టిన మనిషి అతను. "ఇది కుళాయి కాదమ్మా, ఇటు కట్టేస్తే అటు పెరగడానికి" అని గడప గడపకీ చెప్పాడు. "ఇప్పుడు తిప్పితే నేల నాలుగు గంటలకి జవాబిస్తుంది. ఈలోపు ఓపిక చాలక ఇంకోసారి తిప్పారా, ఆ జవాబు మీకు ఎప్పటికీ అందదు" అని కూడా చెప్పాడు.

మొదటిది పావు వంతుకి తగ్గించి, హాలుది సగం తెరిచి, మిగతా రెండూ సర్దాడు. ఎవరైనా కదిపితే తెలిసేలా నాలుగింటి మీదా ఎర్ర పెన్నుతో గీతలు పెట్టాడు. అయిదోది సోయా పులుసు డబ్బా వెనకాల ఉంది. చివరి గదిది, దాని జోలికి ఎవరు పోతారు? వదిలేశాడు. గోడ డబ్బాని చప్పుడు కాకుండా మళ్ళీ ఇరవై మూడుకి దించాడు. అప్పటికి తొమ్మిదిన్నర.

ఆ తర్వాత అతను కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. హాల్లో నాలుగడుగులు, పెద్దగదిలో రెండు, మధ్యగదిలో ఆరేసిన బుజ్జి చొక్కాల కింద ఒకటి. కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయట మైనస్ పద్నాలుగు డిగ్రీల చలి, చెరువు మీద మంచుకి రంధ్రాలు చేసుకుని చేపలు పట్టే జనం. కాఫీ పెట్టుకుని తాగడం మరిచిపోయాడు. మల్సున్‌కి ఆ ఫోను సంగతి చెప్పాలని రెండుసార్లు వెళ్ళి, ముల్లంగి బాగుందని చెప్పి తిరిగొచ్చాడు.

పదకొండున్నరకి అర తెరిచి చూస్తే మొదటి వాల్వు మీది గీత ఎక్కడో ఉంది. మళ్ళీ బార్లా. పళ్ళు కొరుక్కుని పావుకి తెచ్చాడు. బాత్రూముకి వెళ్ళొచ్చి మళ్ళీ చూశాడు. ఈసారి మొత్తం మూసి ఉంది.

"ఇద్దరూ ఇలా రండి!" అని ఒక్క అరుపు అరిచాడు.

మల్సున్ తడిచేతులతో వచ్చింది. నారే పిల్లాడితో వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఎవరు తెరిచారు?"

"నేనే," అంది మల్సున్. "గది చల్లబడుతోంది. చేత్తో చూశాను."

"ఎవరు మూశారు?"

"నేనే," అంది నారే. "అమ్మ తెరవడం చూశాను. రోజూ ఇంతే. ఆవిడ బట్టలు తియ్యడానికి వెళ్ళగానే నేను మూస్తాను. నేను పాలివ్వడానికి కూచోగానే ఆవిడ తెరుస్తుంది."

"దొంగముండా!" అంది మల్సున్. "నీకోసమేనే నేను..."

"నాకోసం కాదమ్మా. నేను చెమటకి తడిసి చస్తున్నాను. వాడి ఒళ్ళు పేలిపోతోంది. నీకు కనిపించదా? ఎవరికోసం కాలుస్తున్నావీ నేలని?"

"నీకేం తెలుసు? ఇప్పుడు బాగానే ఉంటుంది. నలభై దాటాక మెట్టు ఎక్కలేవు, గుడ్డ పిండలేవు. అప్పుడు మా అమ్మ ఎందుకు చూసుకోలేదని..."

"రేపు వెళ్ళిపోతున్నా!" అనేసింది నారే. అనేశాక గొంతు తగ్గింది. "కేంద్రంలో గది ఉంది. ఆరింటికి ఫోన్ చేస్తారు. నాన్న చెప్పలేదా?"

మల్సున్ మొగుడి వంక చూసింది. అతను ముల్లంగి వంక చూశాడు. ఆవిడ బల్ల ఎక్కి, పై అరలోంచి కడాయి దించింది. తర్వాత పెద్ద సత్తు తపేలా దించింది. ఆ తర్వాత పండక్కి తప్ప వాడని ఇత్తడి గిన్నెలు. నారే పిల్లాణ్ణి హత్తుకుని గదిలోకి పోయింది.

"పీచు ఎక్కడ పెట్టావు?" అంది మల్సున్, ఎవర్నీ అడగనట్టు.

అది సింకు కిందే ఉంది. తీసి ఇద్దామని అతను సోయా డబ్బా పక్కకి జరిపాడు. వెనకాల అయిదో వాల్వు కనిపించింది. అడ్డంగా ఉంది. అంటే పూర్తిగా మూసి ఉంది. ఇవాళో నిన్నో మూసింది కాదు, పిడి మీద సోయా పులుసు కారి ఎండి అట్టకట్టింది. కింది పైపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంది.

పీచు ఆవిడ చేతిలో పెట్టి చిన్నగదికి వెళ్ళాడు. లోపలికి అడుగుపెట్టిన పాదం దానంతటదే పైకి లేచింది. నేల రాయిలా ఉంది. పరుపు చుట్టి గోడకి పెట్టింది. దాని కింద మెత్తగా ఉండడానికి అతని పాత పనికోట్లు రెండు పరిచి ఉన్నాయి. పక్కన తువ్వాలు చుట్టిన రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా. వేన్నీళ్ళు పోసుకుని పక్కలో పెట్టుకున్నది, ఇప్పుడు చల్లారిపోయింది. ఆవిడ అందరికంటే వెనక పడుకుని అందరికంటే ముందు లేస్తుంది. ఈ గదిలోకి ఎవరు వచ్చి చూస్తారు? ఒళ్ళంతా ఆవిర్లు, చల్లగా ఉంటేనే నిద్ర పడుతుందని ఆవిడ అంటే అతను తలూపాడు. రెండు జతల మేజోళ్ళు ఎందుకు వేసుకుందని అడగలేదు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ కడాయి తోముతోంది.

"పదకొండు రోజులా?" అన్నాడు.

"ఏంటి?"

"ఆ గది నేల మీద చేప పెట్టినా పాడవదు. అయిదోది ఎందుకు కట్టేశావు?"

"అరవకు, పసివాడు లేస్తాడు. ఆ నీళ్ళు అంత దూరం పోయి నన్ను వెచ్చబెట్టి రావడం దేనికి? ఆ వేడేదో దానికే పోతుందని కట్టేశాను."

"అలా పోదే! ఒక చోట కట్టేస్తే ఇంకో చోటికి పోదని నలభై ఏళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నాను!"

"ఊళ్ళోవాళ్ళకి చెప్పావు," అంది మల్సున్. "నాకెప్పుడు చెప్పావు?"

ఆవిడ కడాయి తిప్పి అడుగు తోమడం మొదలుపెట్టింది. గొంతులో కోపం లేదు, పప్పులో ఉప్పు సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"దీన్ని కన్నప్పుడూ ఇదే జనవరి. ఆ కొండ మీద ఒంటిగది గుర్తుందా? బొగ్గుబిళ్ళ ఒకటే కాలేది. గది మొత్తానికి పొయ్యి పక్కన చాపంత చోటే వేడి. అక్కడ దీన్ని పడుకోబెట్టాను. దీని పక్కన నీ అన్నం గిన్నె పెట్టి దుప్పటి కప్పాను. నువ్వేమో ఎవరింట్లోనో పైపులు పగిలాయని పొద్దున పోయినవాడివి. ఇంక నాకు చోటెక్కడిది? కిటికీ కింద పడుకున్నాను. కాన్పయి మూడో రోజు." నీళ్ళు పోసి కడాయి కడిగింది. "నువ్వొచ్చావు. తిన్నావు. బాగుంది అన్నావు."

అతనికి గుర్తుంది. గిన్నె మూత తియ్యగానే మొహానికి తగిలిన ఆవిరి గుర్తుంది, గడ్డకట్టిన చేతులకి ఆ గిన్నె ఎంత హాయిగా అనిపించిందో గుర్తుంది. ఆ కథ ముప్పై నాలుగేళ్ళుగా తాగుడు బల్లల దగ్గర ఎంతమందికి చెప్పాడో! మా ఆవిడ కాన్పయి మూడు రోజులు కాకుండానే నా అన్నం వెచ్చగా ఉంచింది, మీ ఆవిళ్ళు ఉంచుతారా అని. ఆ వెచ్చటి చోట అన్నం ఉంటే మనిషి ఎక్కడ పడుకుందన్న ఆలోచన ఒక్కసారైనా, ఒక్కనాడైనా రాలేదు. ఊరి నేలలన్నిటినీ కాళ్ళతో చదివినవాడు ఆ ఒక్క గదిలో కిటికీ దాకా నాలుగడుగులు వెయ్యలేదు.

పెద్దగది తలుపు సందులో నారే నిలబడి ఉంది. ఎంతసేపటి నించి ఉందో తెలియదు. ఆమె మొహం చూస్తే అంతా విన్నదని అర్థమయింది. తలుపు దగ్గరికి వేసుకుంది.

బోన్‌చోల్ పనిసంచీ దించాడు. ప్లాస్టిక్ గిన్నె ఒకటి గొట్టం కింద పెట్టి, పైపులో గాలి వదిలే మర విప్పాడు. పదకొండు రోజులుగా నిలవున్న గాలి గుర్రుమని, చీదినట్టు చప్పుడు చేసి, నల్లనీళ్ళు కక్కింది. నీళ్ళు తేటపడేదాకా వదిలి మర బిగించాడు. అయిదోది మొత్తం తెరిచాడు. దూరం పోయే నీళ్ళకి దారి పెద్దదిగా ఉండాలి. దగ్గరున్న మొదటిది పావులో సగానికి తెచ్చాడు. హాలుది సగం. వంటిల్లూ మధ్యగదీ చిటికెడు చిటికెడు. అప్పటికి రెండు గంటలకి పది నిమిషాలు తక్కువ. ఫోనుకి నాలుగు గంటలు. అంటే ఒక్కటే తిప్పు, ఒక్కటే జవాబు.

లేచి, మల్సున్ నడుముకున్న ఆప్రాను విప్పి, దాని నాడాలతో సింకు తలుపుల పిడులు రెండూ కలిపి ముడేశాడు.

"ఏంటీ వేషాలు?"

"ఆరింటిదాకా ఇది ఎవరూ ముట్టుకోకూడదు. నువ్వు కాదు, అది కాదు, నేను కూడా కాదు."

"దాని గది చల్లబడిపోతే?"

"చల్లబడదు. వెచ్చగా ఉంటుంది. కాలదు, అంతే."

"నీ మాట నమ్మమంటావు."

"ఈ ఒక్కసారి నమ్మవే," అన్నాడు. అతను అలా బతిమాలడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. చెయ్యి తుడుచుకుని ఊరుకుంది.

ఊరుకోవడమంటే మాటతోనే. మూడు గంటల దాకా ఆవిడ పెద్దగదిలోకి ఎనిమిదిసార్లు వెళ్ళింది. మోకాళ్ళ మీద కూచుని అరచెయ్యి నేలకి ఆనించి, పెదవి విరిచి, సింకు వైపు చూసి, ఆప్రాను ముడి చూసి, వెనక్కి తిరిగింది. మూడింటికి ఆ గది ఇరవై ఏడు. నాలుగింటికి ఇరవై అయిదు. నారే స్వెట్టరు విప్పింది. మల్సున్ చూసింది, నోరు తెరిచింది, మూసుకుంది. ఇత్తడి గిన్నె ఒకటి రెండోసారి తోమింది.

చిన్నగదిలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. బోన్‌చోల్ నాలుగుసార్లు అడుగులేశాడు, నాలుగుసార్లూ రాయే. పైపులో మట్టి పేరుకుందా? గాలి ఇంకా మిగిలిందా? మొదటిది ఇంకాస్త తగ్గిస్తే ఇటు వస్తాయా? ఒక్క పిసరు తగ్గిస్తే ఏం పోయింది? పరాయివాళ్ళ ఇంట్లో అయితే కాళ్ళు చాపుకుని టీ తాగేవాడు. ఇక్కడ చేతులు ఒకచోట నిలవడం లేదు. చుట్టూ చూసి, ఆప్రాను ముడి విప్పి, తలుపు సగం తెరిచి చెయ్యి లోపలికి పెట్టాడు.

"నాన్నా," అంది నారే వెనకనించి. "చెయ్యి తియ్యి."

"చూస్తున్నానంతే."

"కళ్ళతో చూడు."

చిన్నగది నించి నీళ్ళు తిరిగి వచ్చే పైపుని మాత్రం వేలితో ముట్టుకోనిమ్మని బతిమాలాడు. ఆమె సరేనంది. ముట్టుకున్నాడు. చల్లగా ఉంది, కానీ పొద్దుటిలా జివ్వుమనలేదు. తన వేలిదే వేడేమో అని ఇంకో వేలితో చూశాడు. మళ్ళీ ముడేశాడు, ఈసారి రెండు ముళ్ళు.

అయిదింటికి ఇంట్లో ఏదో మారింది. ఏమిటో ముగ్గురికీ వెంటనే తెలియలేదు. పదకొండు రోజులుగా వెనక వరండాలో గుయ్యిమంటున్న బాయిలర్ ఆగింది.

"పాడైపోయింది!" అని పరుగెత్తుకొచ్చింది మల్సున్. "నే చెప్పానా! ఇంక పసివాడు..."

"పాడవలేదే. హాలు వేడెక్కింది, చాలనుకుంది. ఇన్ని రోజులూ దానికి చాలు అనే అవకాశం మనం ఇవ్వలేదు."

పెద్దగది ఇరవై నాలుగు. తోరిగాడు రెండు చేతులూ చెవుల పక్కకి పడేసి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పొద్దున ఎర్రగా కందిన మెడ కాస్త ఆరింది. మల్సున్ వాడి పక్కన చాలాసేపు కూచుంది. కూతురి మేజోడు వేలితో ఒకసారి లాగి చూసి, అరికాలు తడిమింది. కాలు వెచ్చగానే ఉంది. లేచి వెళ్ళి మళ్ళీ గిన్నెల దగ్గర నిలబడింది.

బోన్‌చోల్ అయిదున్నరకి చిన్నగదిలోకి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. గోడ వైపు ఏమీ లేదు. మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. ఎడం పాదం కింద, నీళ్ళు మొదట వచ్చే వరసలో, ఏదో ఉంది. వెచ్చదనం అనలేం. రాతితనం పోయింది. అక్కడే కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుని, వంటింట్లోకి వచ్చాడు. కుక్కర్లోంచి వేడన్నం స్టీలు గిన్నెలోకి తీసి మూత పెట్టాడు. తువ్వాలు చుట్టాడు. మల్సున్ వీపు తిప్పుకుని తోముతోంది, చూడలేదు. పాత కోట్లు తీసేసి, ఆ వరస మీదే పరుపు పరిచి, గిన్నె పెట్టి, పైన దుప్పటి కప్పాడు.

సరిగ్గా ఆరింటికి ఫోను మోగింది. నారే ఫోను పట్టుకుని తిన్నగా చిన్నగదికి నడిచింది. మూడు రింగులు మోగనిచ్చి, పరుపు అంచున కూచుని, నేల మీద అరచెయ్యి ఆనించింది. అప్పుడు ఎత్తింది. వంటింట్లో పీచు చప్పుడు ఆగిపోయింది.

"ఆ, నేనేనండి... లేదండి, రావడం లేదు. గది వేరేవాళ్ళకి ఇచ్చెయ్యండి. లేదు లేదు, బాబు బాగానే ఉన్నాడు. మా ఇంట్లో ఇంకో బాలింత ఉంది. ఆవిణ్ణి చూసుకోవడానికి మనిషి కావాలి." అవతలివాళ్ళు ఏదో అడిగారు. "కాన్పెప్పుడయిందా? ముప్పై నాలుగేళ్ళయిందండి."

ఫోను పెట్టేసి వచ్చి, తల్లి చేతిలోంచి పీచు లాక్కుంది.

"దీనికి మతిపోయింది," అంది మల్సున్. "ఆ కేంద్రం ఆవిడ ఏమనుకుంటుంది? ఇంకా పది రోజులుందిగా, ఎందుకు పీచు ముట్టుకున్నావు, చన్నీళ్ళు..."

"వేన్నీళ్ళే తిప్పాను. నువ్వెళ్ళి పడుకో. ఇంకా పది రోజులు నీకూ ఉన్నాయి."

"నాకేమొచ్చింది, రాయిలా ఉన్నాను."

"అమ్మా. వెళ్ళు."

ఆవిడ వెళ్ళింది. గుమ్మంలో ఆగి, పరిచిన పరుపుని చూసింది. పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసింది. దుప్పటి కింద ఎత్తుగా ఉన్నదేమిటో చెయ్యి పెట్టి చూసింది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచింది. తర్వాత కూచుని, తువ్వాలు విప్పి, మూత తీసింది. ఆవిరి రాలేదు.

"చల్లారింది," అన్నాడు బోన్‌చోల్. "నేల ఇంకా అంత ఎక్కలేదు. రేపటికి బాగా ఎక్కుతుంది. కుక్కర్లో వేడిది ఉంది, తెస్తానుండు."

"కూచో," అంది.

కూచున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆవిడ కూరా చారూ లేకుండా ఉత్త అన్నం తింది. తొందరపడకుండా, గిన్నె అంచుకి అంటుకున్న మెతుకు కూడా వదలకుండా తింది. మూత పెట్టి గిన్నె అతని వైపు జరిపింది.

"బాగుంది," అంది.

తర్వాత కాళ్ళు దుప్పటి కిందికి చాపి, పైనున్న మేజోళ్ళ జత విప్పింది. రెండో జత ఇంకా ఉంచుకుంది.